బాష్పవాయు గోళం పుట్టుపూర్వోత్తరాలు

తెలుగు పత్రికలు చదివేవాళ్లకి కంఠతా వచ్చేసిన వాక్యం ఒకటుంది: పరిస్థితి అదుపు తప్పడంతో పోలీసులు లాఠీచార్జి చేసి, బాష్పవాయువు ప్రయోగించారు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక జరిగిన గొడవల్లో ఈ వాక్యం వచ్చింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న 2009, 2010ల్లో ఉస్మానియా క్యాంపస్ వార్తల్లో పదేపదే వచ్చింది. లాఠీ ఏమిటో అందరికీ తెలుసు. దాని పక్కనున్న రెండో ఆయుధం సంగతి మాత్రం, దాని దెబ్బ తిన్నవాళ్లకి కూడా అంతగా తెలియదు.

ముందు దాన్ని దగ్గరగా చూద్దాం. అల్యూమినియం లేదా ప్లాస్టిక్ తొడుగుతో, టార్చిలైట్‌లో సగం పొడవుండే డబ్బా. చేత్తో విసిరేది గ్రెనేడ్, తుపాకీతో పేల్చేది షెల్. ఆ తుపాకీ గొట్టం సాధారణంగా 38 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. డబ్బాలో వాయువేమీ ఉండదు, తెల్లటి పొడి ఉంటుంది. దాన్ని వేడిచేసి గాలిలోకి నెట్టడానికి పక్కనే మండే మిశ్రమం ఉంటుంది. గోళం నేలమీద పడ్డాక లోపల మంట రాజుకుంటుంది, ఆ వేడికి పొడి ఆవిరై, బయటి గాలి తగలగానే మళ్లీ సన్నని రేణువులుగా గడ్డకట్టి పొగలా లేస్తుంది. చేతికి దొరికింది కదా అని తిరిగి విసరబోయినవాళ్ల అరచేతులు బొబ్బలెక్కేది అందుకే. డబ్బా అప్పటికి కాలిపోతూ ఉంటుంది.

ఈ ఆయుధం పుట్టింది పోలీసుల చేతుల్లోనే. 1912 ప్రాంతంలో పారిస్ పోలీసులు దొంగల ముఠాలని ఇళ్లలోంచి బయటికి రప్పించడానికి ఇథైల్ బ్రోమోఅసిటేట్ అనే కన్నీటి ద్రవాన్ని వాడారు. రెండేళ్లకి మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఫ్రెంచి సైనికులు అవే గ్రెనేడ్లని కందకాల దగ్గరికి తీసుకెళ్లారు. 1915 జనవరిలో జర్మన్లు పోలండ్‌లోని బోలిముఫ్ దగ్గర రష్యన్ల మీదికి జైలిల్ బ్రోమైడ్ నింపిన గుళ్లు వేలకొద్దీ పేల్చారు. ఆ చలికి ద్రవం ఆవిరి కాలేదు, ప్రయోగం తుస్సుమంది. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు క్లోరిన్ సిలిండర్ల మూతలు తిప్పారు. అదే ఏడాది డిసెంబరులో ఫాస్జీన్, 1917 జులైలో మస్టర్డ్ గ్యాస్ వచ్చాయి. కళ్లు మండించడంతో మొదలైన కథ ఊపిరితిత్తులు నీటితో నిండిపోవడం దాకా, ఒంటిమీద చర్మం ఊడిరావడం దాకా వెళ్లడానికి మూడేళ్లు పట్టలేదు.

ఈ వరస గుర్తుంచుకోవాలి. కన్నీటి పొగ యుద్ధంలో ఎందుకు నిషిద్ధమో, వీధిలో ఎందుకు కాదో అర్థం కావాలంటే ఇదే కీలకం. ఎదుటి కందకం నుంచి ఒక పొగమబ్బు కదిలి వస్తుంటే, అది ఏడిపించేదో చంపేదో తెలుసుకునే తీరిక సైనికుడికి ఉండదు. తన దగ్గరున్న అతి ఘోరమైనదాన్ని తిరిగి వదులుతాడు. 1925 జెనీవా ఒప్పందం యుద్ధంలో విషవాయువులని నిషేధించింది. 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒడంబడిక ఇంకో అడుగు ముందుకేసి, గుంపుల్ని చెదరగొట్టే రసాయనాలని యుద్ధపద్ధతిగా వాడకూడదని విడమరిచి రాసింది. అదే ఒడంబడిక శాంతిభద్రతల పనికి వాటిని వాడుకోవచ్చంది. మన దేశం ఆ ఒడంబడిక కింద తన దగ్గరున్న వెయ్యి టన్నులకి పైగా మస్టర్డ్ నిల్వని ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా ధ్వంసం చేసింది. బాష్పవాయు గోళం మాత్రం స్టేషన్ బీరువాలో చట్టబద్ధంగా ఉంది. సరిహద్దులో శత్రుసైనికుడి మీద వేస్తే ఒప్పంద ఉల్లంఘన, చార్మినార్ దగ్గర పౌరుడి మీద వేస్తే విధినిర్వహణ. వాదన తర్కానికి నిలుస్తుంది, ఒప్పుకుంటాను. మనసుకి మాత్రం ఎక్కదు.

యుద్ధం అయ్యాక అమెరికా రసాయన యుద్ధ విభాగానికి పని తగ్గింది. దాని అధిపతి ఎమోస్ ఫ్రైస్ కన్నీటి వాయువుని పోలీసు శాఖలకి అలవాటు చేయడానికి చాలా పాటుపడ్డాడు. అప్పటి సరుకు సీఎన్. 1871లోనే జర్మన్ రసాయనవేత్త కార్ల్ గ్రేబ తయారుచేసిన పదార్థం అది. బ్రిటిష్‌వాళ్లు కూడా 1930ల్లో తమ వలసల పోలీసులకి దాన్ని అనుమతించారు. సీఎన్‌తో ప్రమాదం ఎక్కువ. మూసిన గదుల్లో అది ప్రాణాలు తీసిన సందర్భాలు వైద్య రికార్డులకెక్కాయి. దాన్ని పక్కకి నెట్టిన సీఎస్ మాత్రం ఏ ఆయుధశాలలోనూ పుట్టలేదు. 1928లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీలో బెన్ కార్సన్, రోజర్ స్టౌటన్ అనే ఇద్దరు రసాయన చర్యలేవో పరిశీలిస్తూ ఒక పొడి తయారుచేశారు. అది తుమ్ములు తెప్పిస్తోందని, ముఖం మండిస్తోందని గమనించి వ్యాసంలో రాసుకున్నారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దానికి పేరయ్యాయి. 1950ల్లో బ్రిటన్‌లోని పోర్టన్ డౌన్ సైనిక ప్రయోగశాల ఆ పొడిని దులిపి బయటికి తీసింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా పేలే గోళాల్లో ఉండేది ఇదే.

ఈ పొడి ఒంట్లో ఏం చేస్తుందన్నది దశాబ్దాలపాటు సరిగ్గా తేలలేదు. 2008 ప్రాంతంలో తేలింది. మన కంటిపొరలో, ముక్కులో, గొంతులో, చర్మంలో నొప్పిని మెదడుకి చేరవేసే నాడుల కొసల మీద ట్రిప్-ఏ1 అనే ప్రొటీన్ ద్వారం ఉంటుంది. ఒంటికి హాని చేసే రసాయనాలని పసిగట్టడమే దాని ఉద్యోగం. సీఎస్ అణువు వెళ్లి ఆ ద్వారానికి అతుక్కుని దాన్ని బార్లా తెరిచేస్తుంది. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు నషాళానికి అంటేది కూడా ఇదే ద్వారం గుండా. కాకపోతే సీఎస్ దెబ్బ ఆవపిండికి కొన్ని వేల రెట్లు. మెదడుకి అందే సమాచారం ఒక్కటే: విషం, కడిగెయ్. వెంటనే కన్నీళ్లు ధారకడతాయి, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోతాయి, ముక్కు కారుతుంది, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, ఛాతీ పట్టేసినట్టవుతుంది, చెమటపట్టిన చోటల్లా చర్మం మంటెక్కుతుంది. మే నెల హైదరాబాద్‌లో చెమటపట్టని చోటంటూ ఉండదు. ఆరోగ్యవంతుడు మంచి గాలిలోకి వస్తే అరగంట, గంటలో చాలావరకు తేరుకుంటాడు.

ఈ ఆఖరి వాక్యంలో రెండు షరతులున్నాయి. ఒకటి ఆరోగ్యం, రెండోది మంచి గాలి. హైదరాబాద్‌లోని పురానాపూల్ వంతెన దగ్గర ఈ రెండో షరతే తంటా.

ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించిన ఆ వంతెన హైదరాబాద్ ఊరికంటే పదమూడేళ్లు పెద్దది. వంతెన మీద మూసీ గాలి తగులుతుంది, అక్కడ పేలిన గోళం పొగ నిమిషాల్లో చెదిరిపోతుంది. పురానాపూల్ దర్వాజా దాటి మూసాబౌలి గల్లీల్లోకి వస్తే లెక్క మారుతుంది. 2010 మార్చిలో జెండాల తగాదా రాజుకుని, పాతబస్తీ అంతా కర్ఫ్యూ పెట్టాల్సివచ్చింది ఇక్కడి నుంచే. ఎదురుబొదురు ఇళ్ల మధ్య ఆటో పట్టడమే గగనం. పొగ పైకి పోదు, కిటికీల్లోంచి ఇళ్లలోకి పోతుంది. కర్ఫ్యూ వేళ తలుపులేసుకుని కూర్చున్న ఇంట్లోకి ఆ పొగ దూరితే, బయటికి రావద్దన్నది ఒక ఆజ్ఞ, బయటికి రావాలన్నది ఊపిరితిత్తుల ఆజ్ఞ. ఘనమీటరు గాలిలో 2 మిల్లీగ్రాముల సీఎస్ ఉంటే అది తక్షణ ప్రమాదమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఒక్క గోళంలోనే గ్రాముల కొద్దీ పొడి ఉంటుంది. మూసిన గదిలో ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆస్తమా ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి, మంచంపట్టిన ముసలివాళ్లకి అది కన్నీళ్లతో పోయే వ్యవహారం కాదు.

ఇలాంటి ఇరుకు ఇళ్ల బస్తీలోనే 1969 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసులు డెర్రీ పట్టణంలో రెండు రోజులు సీఎస్ గోళాలు కురిపించారు. ఇళ్లలోని పిల్లలకి, వృద్ధులకి ఏమైందో తేల్చడానికి ప్రభుత్వం సర్ హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1971లో ఆ కమిటీ చేసిన సూచన నాకు చాలా నచ్చింది: ఇలాంటి రసాయనాన్ని ఆయుధంలా కాదు, కొత్త మందులా పరీక్షించాలి, రోగుల మీదా బలహీనుల మీదా ఎలా పనిచేస్తుందో తేలాకే అనుమతించాలి.

మూసిన గదిలో ఏమవుతుందో తెలుగువాళ్లు టీవీలో ప్రత్యక్షంగా చూశారు కూడా. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు పెడుతున్నప్పుడు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. సభ్యులు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అదంతా చేతిలో పట్టే డబ్బా చేసిన పని. అందులోది సీఎస్ కాదు, గుంటూరు మిరపకాయలోని క్యాప్సైసిన్. అది వేరే ద్వారాన్ని, ట్రిప్-వీ1ని తెరుస్తుంది. ఆ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

మన దేశంలో ఈ గోళాల పుట్టిల్లు గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్. సరిహద్దు భద్రతా దళం 1976లో అక్కడ ప్రత్యేకంగా కర్మాగారం పెట్టింది. 2016లో కశ్మీర్‌లో పెల్లెట్ తుపాకులకి ప్రత్యామ్నాయంగా కారం జాతి రసాయనం పావాతో షెల్లులు చేసిందీ అక్కడే. 2024 ఫిబ్రవరిలో గోళానికి రెక్కలొచ్చాయి. ఢిల్లీకి బయల్దేరిన రైతుల మీద హర్యానా పోలీసులు శంభు సరిహద్దులో డ్రోన్లతో వాటిని జారవిడిచారు. రైతులు డ్రోన్లకి అడ్డంగా గాలిపటాలు ఎగరేశారు. ఆ వార్త చదివి, హైదరాబాద్‌లో పతంగులు కట్టే ధూల్‌పేటవాళ్లు నవ్వుకునే ఉంటారు.

నవ్వులాటకాని సంగతి గాయాలది. ఆసుపత్రికి చేరే తీవ్రమైన కేసుల్లో కొన్నింటికి కారణం పొగ కాదు, తలకో కంటికో నేరుగా తగిలిన డబ్బా. గోళాన్ని మనుషుల ఎత్తులో గురిపెట్టకూడదని, పైకి వంపుగా పేల్చాలని ఐక్యరాజ్యసమితి 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక పొగలో చిక్కుకుంటే ఏం చేయాలి? ఉల్లిపాయ ముక్కు దగ్గర పెట్టుకోమని, కళ్లకింద టూత్‌పేస్టు రాసుకోమని సలహాలు తిరుగుతుంటాయి. కళ్లు మండేవాడికి ఉల్లిపాయ ఇవ్వడం ఎవరి తెలివో గానీ, రెండూ పనిచేయవు. పాలు కూడా నీళ్లకంటే మెరుగు కాదని 2008లో 49 మంది మీద పెప్పర్ స్ప్రేతో జరిపిన పరీక్షలో తేలింది. గాలి వచ్చే దిక్కుకి నడవండి. కళ్లు నలపకండి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి, పది పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడగండి. పొడి బట్టల్లో దాక్కుంటుంది కాబట్టి వాటిని విప్పేసి, సబ్బుతో చన్నీళ్ల స్నానం చేయండి. ఇంట్లో చేరిన పొడిని ఊడిస్తే మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. పొడి పడిన ఆకుకూర కొనకండి. ఊపిరి ఆడక ఈలలా శబ్దం వచ్చినా, చూపు మసకగానే ఉండిపోయినా ఆసుపత్రికి వెళ్లండి.

పోలీసు అధికారులకి ఒక విన్నపం. గోళం పేల్చిన ప్రతిసారీ అందులో ఉన్నది సీఎస్సా, పావానా, ఎన్ని పేల్చారు, ఏ గల్లీలో పేల్చారన్న మూడు ముక్కలు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి క్యాజువాలిటీకి వెంటనే ఫోన్ చేసి చెప్పండి. డాక్టరు పని సగం తేలికవుతుంది.