కుక్క కాటు సూదులు: పిల్లాడు నాలుగో డోసుకూ రావాలంటే

మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె... నెల్లూరు తీరంలో చేపలు ఎండబెట్టే చోట కుక్కలు తిరగడం మామూలే. పిల్లలు ఆడుకునేదీ అక్కడే. కుక్క కరిస్తే ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇది చాలామందికి తెలిసిందే. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో యాంటీ రేబిస్ టీకాను 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ప్రతిసారీ రెండు చోట్ల, ఒక్కో చోట 0.1 మిల్లీలీటర్. చర్మం చీలి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ మందును గాయంలోకే ఎక్కిస్తారు. పెద్దవాళ్లకే ఓర్చుకోలేని నొప్పి అది. మొదటి రోజు నలుగురు కలిసి అదిమిపట్టి వేయిస్తే, మూడో రోజు ఆస్పత్రి పేరెత్తగానే పిల్లాడు మంచం కింద దూరతాడు. "పోనీలే, గాయం మానిపోయింది కదా" అని ఇంట్లోవాళ్లూ ఊరుకుంటారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. అందుకే పిల్లాడి భయాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ఇక్కడ పనికొచ్చేది ఆట. ఆస్పత్రిలో ఆటకు చోటుండాలన్నది కొత్త మాటేమీ కాదు. వియన్నాలో మాంటిస్సోరి పద్ధతి నేర్చిన ఎమ్మా ప్లాంక్ 1955లోనే అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఆస్పత్రిలో పిల్లల కోసం ఇలాంటి విభాగం నడిపారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీకా నొప్పి తగ్గించడంపై సూచనలిచ్చింది: చంటిబిడ్డకు సూది వేసేటప్పుడు పాలివ్వాలి, పిల్లల్ని పడుకోబెట్టి అదమకుండా ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, ఆరేళ్లలోపు వాళ్ల దృష్టి మళ్లించాలి.

దీనికి డబ్బులేం అక్కర్లేదు. ముందురోజు ఇంట్లో డాక్టరాట ఆడించండి. బొమ్మకు కుక్క కరిచింది, పిల్లాడే డాక్టరు. సూది లేని ఉత్త సిరంజితో బొమ్మ భుజానికి మందు వేయనివ్వండి. బొమ్మ ఏడుస్తుందా, ఎవరి ఒళ్లో కూర్చుంటుందో వాణ్నే చెప్పనివ్వండి. వాడికి దేనికి భయమో అక్కడే తెలిసిపోతుంది. ఆస్పత్రిలో అమ్మ ఒళ్లోనో నానీ ఒళ్లోనో నిటారుగా కూర్చోబెట్టి సబ్బు నీళ్ల బుడగలు ఊదించండి. మెల్లగా, దీర్ఘంగా ఊదుతుంటే ఒళ్లు బిగుసుకోదు. గుప్పిట్లో గవ్వలెన్నో చెప్పమన్నా సరే. కాస్త పెద్దపిల్లలకు ముందు ఏ భుజమో ఎంచుకునే అవకాశం ఇవ్వాలి.

అయితే ఆటతో నొప్పి మాయం కాదు, గాయంలోకి ఎక్కించే మందుకైతే అసలే కాదు. అందుకే "ఏం నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పొద్దు. ఒడుగుల రోజు "చీమ కుట్టినట్టే" అన్న మాట పెద్దయ్యాక కూడా మరిచిపోని మగవాళ్లు ఎందరో! "కాసేపు నొప్పి పుడుతుంది, నేను పక్కనే ఉంటా" అంటే చాలు. అల్లరి చేస్తే సూది వేయిస్తానని బెదిరించే అలవాటు మాత్రం ఈరోజే మానేయాలి. మనమే సూదిని శిక్షగా చేసి, ఆపై పిల్లాడు భయపడుతున్నాడంటే ఎలా?

ఏదైనా డోసు తప్పితే ఇక వృథా అనుకోవద్దు. చీటీ తీసుకుని వెంటనే వెళ్లండి. సాధారణంగా ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. 28వ రోజుకు పిల్లాడు ఆ సంగతే మరిచిపోయి ఉంటాడు కాబట్టి, ముందురోజు బొమ్మను మళ్లీ బయటికి తీయండి.