మిగిలిన మందులు – సంఘాలు తెలుసుకోవలసిన విషయాలు

పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో దాదాపు ప్రతి వస్తువుకూ లెక్క ఉంటుంది. దాణా బస్తా వస్తే స్టాకు రిజిస్టరులో జమ, రైతుకిస్తే ఖర్చు, మిగిలితే నిల్వ. మందుల విషయంలో మాత్రం లెక్క సగంలోనే ఆగిపోతుంది. ప్రథమ చికిత్స పెట్టెలోకి వచ్చిన మందు, రైతుకు ఇచ్చిన మందు పుస్తకంలో కనబడతాయి. రైతు ఇంట వాడగా మిగిలిన సగం సీసా, గడువు తీరిన మాత్రలు, పొదుగులోకి ఎక్కించే ట్యూబులలో వాడకుండా ఉండిపోయినవి ఏమైనవో ఏ పుస్తకమూ చెప్పదు. వాటిని గురించి గణపవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాల సభ్య సంఘాలకు కొన్ని విషయాలు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

మందు ఎందుకు మిగులుతుంది?

గేదెకు పొదుగువాపు వస్తుంది. వైద్యుడు మూడు రోజులకు గాని, అయిదు రోజులకు గాని మందు వ్రాస్తారు. రెండో రోజుకే వాపు తగ్గి, పాలు మామూలుగా దిగితే రైతు అక్కడితో ఆపివేస్తాడు. నట్టల మందు పెద్ద సీసా కొంటే దూడలకు పోసినది పోగా అడుగున కొంత ఉంటుంది. ఒక్కొక్కసారి పశువు చనిపోవడం వల్ల గాని, అమ్మివేయడం వల్ల గాని మందు మొత్తం మిగిలిపోతుంది. ఇవికాక ఇంట్లో పెద్దలు వాడే రక్తపోటు మాత్రలు, నొప్పి మాత్రలు, పిల్లల జ్వరం మందులు కూడా అదే గూట్లో చేరతాయి.

ఇలా మిగిలినవి సాధారణంగా మూడు చోట్లకు పోతాయి. సావిడి చూరులోకి, పెంటకుప్ప మీదికి, లేదా కాలువలోకి. ఈ మూడింటి వల్ల కలిగే నష్టాన్ని విడివిడిగా చూద్దాము.

చూరులో దాచిన మందు

"మళ్ళీ వస్తే పనికివస్తుంది" అని దాచే మందు ఇది. వేసవి ఎండకు చూరు కింద వేడెక్కిన మందు గడువు తేదీ లోపలే బలం కోల్పోవచ్చు. ఈసారి వచ్చిన జబ్బు పోయినసారి జబ్బే అన్న నమ్మకం లేదు. అరకొర మోతాదులో పడిన మందుకు లొంగని సూక్ష్మజీవులు బ్రతికి వృద్ధి చెందుతాయి. తరువాత అసలు మోతాదు ఇచ్చినా అవి లొంగవు. పశువుకు వచ్చిన ఈ ఇబ్బంది పశువుతో ఆగదు, మనుషుల దాకా వస్తుంది.

పాల సంఘానికి ఇందులో మరొక ప్రమాదం ఉంది. వైద్యుడు మందు వ్రాసినప్పుడు ఎన్ని రోజులు పాలు పోయరాదో కూడా చెబుతారు. చూరులోంచి తీసి వేసిన మందుకు ఆ మాట చెప్పేవారుండరు. 2012లో ఔషధ నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం ఆహారమిచ్చే పశువులకు వాడే మందు చీటీ మీద ఈ విరామ కాలం ముద్రించవలెను. ఫలానా మందుకు ప్రత్యేకంగా నిర్ణయించకపోతే పాలకు, గ్రుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు పాటించవలెను.

ఇది ఎంత సూక్ష్మమైన విషయమో ఒక లెక్క చూడండి. పాలలో పెన్సిలిన్ అవశేషానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల హద్దు లీటరుకు 4 మైక్రోగ్రాములు. అనగా 1 మిల్లీగ్రాము పెన్సిలిన్ 250 లీటర్ల పాలను ఆ హద్దుకు చేర్చగలదు. 40 లీటర్ల క్యానులు ఆరు నింపితే 240 లీటర్లు. ఒక్క గేదె పాలు చాలు, ఊరందరి పాలు చెడటానికి. కాచినంత మాత్రాన ఈ అవశేషం పోదు. మందు వేసిన గేదె పాలు సరిగా తోడుకోవని మన ఆడవారికి తెలిసిన విషయమే. తోడులోని మంచి క్రిములను చంపిన మందే శీతల కేంద్రంలో పెరుగు తయారీని కూడా పాడుచేస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీయించి పరీక్షించగా 77 నమూనాలలో యాంటిబయాటిక్ అవశేషాలు హద్దు మీరి ఉన్నవి. సంఖ్య చిన్నదే. కాని ఆ 77లో మన సంఘం పాలు ఉండకూడదు గదా!

పెంటకుప్ప, కాలువ

పెంటకుప్ప మీద పారవేసిన మందును దూడ నాకవచ్చు, కుక్క కొరకవచ్చు, పిల్లలు ఏరుకోవచ్చు. సూదులు గుచ్చుకోవచ్చు. కుప్పను చేనికి తోలినప్పుడు సీసా పెంకులూ, సూదులూ దమ్ములో దిగేవారి కాళ్ళకు తగులుతాయి.

కాలువ సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్నది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులూ, అనేక మురుగు కోడులూ అందులో కలుస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు. వచ్చిన నీరు నిదానంగా కదిలే చోటు అది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. ఆ నీటిని నమ్ముకొని చేపల చెరువులూ, పక్షులూ, మన పశువులూ ఉన్నవి.

నీటిలో కలిసిన మందు ఏమి చేయగలదో తెలుగు నేల మీదే ఋజువైంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటె అది ఎక్కువ. అది కర్మాగారాల సంగతి. మన ఇంటి సీసాతో దానికి పోలిక లేదు. అయితే శుద్ధి కేంద్రం దాటి కూడా మందు నిలిచి ఉన్నదంటే, ఏ శుద్ధీ లేని మన కోడులో పోసినది దానంతట అది పోతుందనుకోవడం సరికాదు.

రాబందుల ఉదాహరణ కూడా గుర్తుంచుకోవలెను. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నట్లు 2004లో తేలింది. దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించాయి. 2006లో ఆ మందును పశువులకు తయారుచేయడం నిషేధించారు. మనుషుల మందును పశువులకు వాడుతున్నారని 2015లో పెద్ద సీసాలను ఆపి, ఒక మోతాదుకు సరిపడే 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. ఇంట్లో మిగిలిన మనిషి మందును పశువుకు వేయరాదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మందుల షాపు తీసుకుంటుందా?

ఇంట్లో మిగిలిన మందులను షాపువారు తప్పనిసరిగా తీసుకోవాలన్న చట్టం మన దేశంలో లేదు. విప్పని మందును బిల్లుతో వెంటనే తీసుకువెళితే కొందరు వాపసు తీసుకుంటారు. అది వారి ఇష్టం. అయితే గడువు తీరిన సరుకును అమ్మే సరుకుతో కలపకుండా, "అమ్మకానికి కాదు" అని వ్రాసిన పెట్టెలో వేరుగా ఉంచవలెనని ఔషధ నిబంధనలు షాపులవారిని ఆదేశిస్తున్నవి. షాపు సరుకుకు తిరిగి వెళ్ళే దారి ఉన్నది. ఇంటి మందుకే దారి లేదు.

ఇతర చోట్ల ఆ దారి వేశారు. ఫ్రాన్సులో 1993 నుంచి మందుల షాపుల ద్వారానే సేకరణ సాగుతున్నది. వాడని మందుల సేకరణకు తగిన ఏర్పాటు ఉండవలెనని ఐరోపా సమాజం 2004లో సభ్య దేశాలకు నిర్దేశించింది. కేరళలో 2025 ఫిబ్రవరిలో కోళికోడ్ నగరంలోను, ఉళ్ళియేరి పంచాయతీలోను ప్రభుత్వం ఇటువంటి సేకరణ ప్రారంభించింది. ఒక పంచాయతీ చేయగలిగినది పాల సంఘం ఉన్న ఊరు చేయలేకపోదు.

సంఘాలకు సూచనలు

1. ముందు గమ్యం, తరువాత సేకరణ. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పశువైద్యశాలలకు కూడా వర్తిస్తాయి. పారవేయవలసిన మందులను అవి పసుపు సంచిలో వేసి దహన కేంద్రానికి గాని, తయారీదారుకు గాని పంపవలెను. సంఘ అధ్యక్షులు స్థానిక పశువైద్యాధికారిని కలిసి, ఊరి నుంచి వచ్చే మిగులు మందులను ఆ సంచిలో చేర్చుకొనుటకు వ్రాతపూర్వక అంగీకారం పొందవలెను. అది లేకుండా సేకరిస్తే సంఘ భవనమే మందుల కుప్ప అవుతుంది.

2. పాలకవర్గం తీర్మానం చేసి, పాల సేకరణ కేంద్రంలో తాళం గల పెట్టె ఉంచవలెను. పాలు, క్యానులు, దాణా ఉండే గదిలో ఉంచరాదు.

3. తేదీ, మందు పేరు, పరిమాణం, అప్పగించిన తేదీ – ఈ నాలుగు గడులతో రిజిస్టరు ఉంచవలెను. సభ్యుని జబ్బు వివరాలు వ్రాయనక్కరలేదు. పెట్టెలో పడిన మందును ఎవరికీ తిరిగి ఇవ్వరాదు.

4. సూదులను గట్టి డబ్బాలో మూత పెట్టి విడిగా తేవలెను.

5. మందులను పెరట్లో కాల్చరాదు. దహన కేంద్రం కొలిమి రెండో గదిలో 1050 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఉండవలెనని నిబంధన. చెత్త మంటకు ఆ వేడి రాదు, విషపు పొగ మాత్రం వస్తుంది.

6. ఏర్పాటు జరిగేవరకు మందును అసలు ప్యాకెట్టులోనే ఉంచి, పిల్లలకు అందని చోట విడిగా కట్టి ఉంచవలెను. గడువు తీరిన మందులను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. కావున పంచాయతీ చెత్త బండి వారికి విషయం చెప్పి వేరుగా ఇవ్వవచ్చు.

ఖర్చు ఎవరిది?

పెట్టె, తాళం, రిజిస్టరు – ఇవి సంఘం భరించలేని ఖర్చులు కావు. రవాణా కూడా వైద్యశాలకు వెళ్ళే మనిషితోనే జరిగిపోతుంది. పాలు తిరస్కరణకు గురైతే కలిగే నష్టం ముందు ఇది లెక్కలోనిది కాదు.

అన్నిటికంటె చవకైన ఉపాయం మిగలకుండా చూచుకోవడం. అవసరమైనంతే వ్రాయమని వైద్యుని అడగండి. వ్రాసినన్ని రోజులూ పూర్తిగా వాడండి. పక్కింటి గేదెకు మీ సీసా ఇవ్వకండి.

ఈ వ్యాసాన్ని రాబోయే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, మొదటి సూచనపై పాలకవర్గం తీసుకున్న నిర్ణయాన్ని మినిట్సు పుస్తకంలో నమోదు చేయవలసినదిగా కార్యదర్శులను కోరుచున్నాను. తనిఖీకి వచ్చినప్పుడు దాణా నిల్వతోపాటు ఆ పేజీని కూడా చూడగలను.