అంతర్జాల భాండాగారములు: బొమ్మను, ధ్వనిని వెదకు విధము

పాఠశాలలో వైజ్ఞానిక ప్రదర్శనము సమీపించిన వెంటనే విద్యార్థులు బొమ్మల వేటలో పడుదురు. "గోదావరి డెల్టా" అను అంశము ఒక విద్యార్థికి వచ్చినదనుకొందము. అతడు అంతర్జాలములో ఆ రెండు మాటలు వ్రాసి వెదకును. క్షణములో వందలకొలది బొమ్మలు తెరపై నిలుచును. అందమైన దానిని ఒకదానిని ఎన్నుకొని, అచ్చు తీయించి అట్టపై అంటించును. ప్రదర్శనము నాడు ఊరి పెద్ద ఒకరు వచ్చి, "బాబూ, ఇది ఏ రేవు దగ్గర తీసినది? ఏ సంవత్సరము?" అని అడిగినచో అతనికి జవాబుండదు. ఒక్కొక్కప్పుడు ఆ బొమ్మ అసలు గోదావరిదే కాకపోవచ్చును.

పెద్ద గ్రంథాలయములో ప్రతి పుస్తకమునకు ఒక సంఖ్య ఉండును. ఎవరు వ్రాసిరి, ఎక్కడ అచ్చయినది, ఎప్పుడు వచ్చి చేరినది అను వివరములు ఒక పట్టికలో వ్రాసి ఉంచుదురు. అంతర్జాల భాండాగారము కూడ అట్టిదే. అక్కడ ప్రతి బొమ్మకును, ప్రతి ధ్వనికిని ఒక వివరపత్రము ఉండును. గూగుల్ వంటి వెదకు యంత్రము దారి చూపు చేతికర్ర గుర్తు మాత్రమే. అది చూపిన ఇల్లు ఎవరిదో మనమే తెలిసికొనవలెను. కావున బొమ్మతోపాటు దాని వివరపత్రమును కూడ తెచ్చుకొనుట ప్రాజెక్టు పనిలో మొదటి పాఠము.

సామర్లకోట బొమ్మలు

దీనికి మన డెల్టా అంచుననే చక్కని ఉదాహరణము కలదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో ఉండెను. అక్కడ తోట వేయించి, మిరియములు మొదలగు పైరులను పరీక్షించుచు, చుట్టుపట్ల మొక్కలను సేకరించెను. స్థానిక చిత్రకారులను నియమించి వానికి రంగుల బొమ్మలు వ్రాయించెను. వానిలో మూడువందల బొమ్మలు "కోరమాండల్ తీరపు మొక్కలు" అను అర్థము గల పేరుతో మూడు సంపుటములుగా 1795 నుండి లండనులో అచ్చయినవి. మొక్కల తెలుగు పేర్లు కూడ ఆయన గుర్తించి వ్రాసెను.

ఇరువది, ముప్పది ఏండ్ల క్రిందట ఈ పుస్తకమును చూడగోరిన మన ఉపాధ్యాయుడు ఏ పెద్ద నగరమునకో పోవలసివచ్చెడిది. నేడు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అను ఉచిత భాండాగారములో దాని పుటలన్నియు కలవు. ప్రపంచములోని పెక్కు వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర గ్రంథాలయములు 2006లో కలిసి దీనిని ప్రారంభించినవి. కావలసిన పుటను స్పష్టమైన బొమ్మగా దింపుకొనవచ్చును.

అయితే అక్కడ తెలుగు లిపిలో వెదకినచో ఏమియు దొరకదు. మొక్క శాస్త్రీయ నామముతో వెదకవలెను. ఇందులోనే ఒక చిక్కు కలదు. మన అడవులలో సోమి, సోమిద అని పిలువబడు చెట్టునే తీసికొందము. దీని బెరడు జ్వరమునకు మందగునని రాక్స్‌బర్గ్ నమ్మి, స్వైటీనియా ఫెబ్రిఫ్యూజా అని పేరు పెట్టెను. ఫెబ్రిఫ్యూజా అనగా జ్వరమును పారద్రోలునది అని అర్థము. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టును వేరు ప్రజాతిగా గుర్తించి, తెలుగు పేరునుండియే సొయ్మిడా అను ప్రజాతి నామమును కల్పించిరి. కావున పాత పుస్తకములో పాత పేరు, నేటి పుస్తకములలో క్రొత్త పేరు ఉండును. రెండింటితోను వెదకినవానికే రెండు కాలముల సమాచారమును లభించును.

ఊళ్ల పేర్ల మార్పులు

మొక్కల పేర్ల వలెనే ఊళ్ల పేర్లును మారుచుండును. ఆంగ్లేయుల కాగితములలో కాకినాడ కొకనాడా, ఏలూరు ఎల్లోర్, సామర్లకోట సామల్‌కోటా అయినవి. గోదావరి పేరును ఆంగ్ల లిపిలో ఐ అక్షరముతో కాక వై అక్షరముతో ముగించిన పుస్తకములు చాల కలవు. రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరము అను పేరు అధికారికముగా మరల వచ్చినది. జిల్లాలు కూడ అట్లే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు 1925లో ఏర్పడినవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పునర్వ్యవస్థీకరింపబడగా సామర్లకోట కాకినాడ జిల్లాలో చేరినది. కాబట్టి వెదకుటకు ముందు ఆ ఊరికి గల పేర్లన్నియు ఒక కాగితముపై వ్రాసికొనుట మేలు. పది నిమిషముల ఈ పని రెండు గంటల వృథాశ్రమను తప్పించును.

తెలుగు పుస్తకములకు ఇంటర్నెట్ ఆర్కైవు అను భాండాగారము మిక్కిలి ఉపయోగపడును. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకము క్రింద ప్రతులు తీయబడిన వేలకొలది పాత తెలుగు పుస్తకములు అందులో ఉన్నవి. వాని పేర్లు చాలవరకు ఆంగ్లలిపిలో, అక్షర దోషములతో నమోదైనవి. ఒక విధముగా వ్రాసి దొరకకపోయినచో, దీర్ఘములను, ఒత్తులను మార్చి రెండు మూడు విధముల వెదకవలెను.

ఆకాశమునుండి తీసిన చిత్రములు

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ తీరమును సముద్రము కోసివేయుచున్న సంగతి మన విద్యార్థులెరిగినదే. ఎంత కోసినదో వారే కొలువవచ్చును. అమెరికా దేశపు లాండ్‌శాట్ ఉపగ్రహములు 1972 నుండి భూమిని చిత్రించుచున్నవి. ఆ చిత్రములు 2008 నుండి అందరికిని ఉచితము. మన ఇస్రో సంస్థ 2009లో ప్రారంభించిన భువన్ అను వేదికలో భారతదేశపు ఉపగ్రహ చిత్రములు కలవు.

ఇట్టి చిత్రము చిన్నచిన్న చదరపు గడులతో ఏర్పడును. 1980 తరువాతి లాండ్‌శాట్ చిత్రములలో ఒక గడి నేలపై సుమారు 30 మీటర్లకు సమానము. రెండు సంవత్సరముల చిత్రములను పోల్చినపుడు తీరము అయిదు గడులు లోనికి జరిగినట్లు కనబడినచో, అది సుమారు 150 మీటర్లు. ఒక గడికన్న తక్కువ మార్పును నిశ్చయముగా చెప్పరాదు. తొలి ఉపగ్రహముల గడి 80 మీటర్లకు దగ్గరగా ఉండెడిది. కావున 1970 ప్రాంతపు చిత్రమును వాడినపుడు మరింత జాగ్రత్త అవసరము. పోటు, పాటులనుబట్టి కూడ నీటి అంచు మారును. అందుచేత రెండు చిత్రములును ఒకే ఋతువులోనివి, వీలయినచో సముద్రము ఒకే మట్టమున ఉన్నప్పటివి కావలెను. చిత్రము తీసిన తేది, వేళ వివరపత్రములో ఉండును. అది లేనిచో ఈ లెక్కయే సాధ్యము కాదు.

ధ్వనుల భాండాగారము

కోరింగ మడ అడవులలో పడవపై పోవునపుడు లకుముకి పిట్ట కూత వినని వారుండరు. 2005లో ఆరంభమైన జెనో-కాంటో అను భాండాగారములో ప్రపంచపు పక్షుల కూతలు కలవు. శాస్త్రీయ నామముతో వెదకినచో రికార్డు చేసినవారి పేరు, తేది, వేళ, స్థలము, నాణ్యతను తెలుపు గుర్తు కనబడును. తెల్లని గొంతు గల లకుముకి టర్కీ మొదలు ఆగ్నేయాసియా వరకు వ్యాపించి ఉన్నది. ఒకే జాతి పక్షి కూత ప్రాంతమునుబట్టి కొంత మారవచ్చును. కావున కోరింగను గూర్చిన ప్రాజెక్టుకు భారతదేశములో రికార్డు చేసినదానినే ఎన్నుకొనవలెను.

ప్రతి కూతకును అక్కడ ఒక ధ్వనిచిత్రము కూడ ఉండును. అందులో అడ్డముగా కాలము, నిలువుగా పౌనఃపున్యము చూపబడును. ధ్వని తీవ్రత ఎక్కువైన చోట మచ్చ చిక్కగా ఉండును. భౌతికశాస్త్ర ఉపాధ్యాయునకు ఇది మంచి బోధనోపకరణము. కాకి అరుపును, లకుముకి కూతను ప్రక్కప్రక్కన ఉంచి చూపినచో పౌనఃపున్యమనగా ఏమో విద్యార్థి కంటితోనే గ్రహించును.

మానవ భాషల ధ్వనులును భద్రపరుపబడియున్నవి. గ్రియర్సన్ భాషా సర్వేకు అనుబంధముగా ఇరువదవ శతాబ్ది తొలి భాగములో గ్రామఫోను రికార్డులపై ఎక్కించిన మన దేశపు అనేక భాషల పలుకులను షికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా భాండాగారములో వినవచ్చును.

బొమ్మ సాక్ష్యమును పరీక్షించుట

వివరపత్రములో వ్రాసినదంతయు సత్యమని నమ్మరాదు. బొమ్మలోని వస్తువులనే సాక్షులుగా విచారింపవలెను. రాజమండ్రి వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన 1900లో తెరువబడినది. దానిపై రైలు మాత్రమే నడచెడిది. పైన రోడ్డు, క్రింద రైలు గల వంతెన 1974లో వచ్చినది. విల్లువంటి కాంక్రీటు కమానులు గల వంతెనపై 1997 నుండి రైళ్లు నడచుచున్నవి. అప్పుడే హేవలాక్ వంతెనకు విశ్రాంతి లభించినది. ఒక చిత్రము క్రింద "1950లో గోదావరి" అని వ్రాసియుండి, చిత్రములో కమానులు కనబడినచో ఆ వ్రాత అసత్యము. కమానుల వంతెన ఉన్న చిత్రము 1990 తరువాతిదని మన జిల్లా విద్యార్థి చూడగానే చెప్పగలడు.

ధవళేశ్వరము విషయమును ఇట్లే. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. ఛాయాగ్రహణ విద్య లోకమునకు వెల్లడియైనదే 1839లో. కావున ఆ నిర్మాణమును చూపు ఛాయాచిత్రమని ఎవరైన చెప్పినచో ముందు సందేహింపవలెను. ఎత్తయిన స్తంభములు, ఇనుప తలుపులు గల వరుస కనబడినచో అది తరువాత కట్టిన బారేజి. కాటన్ కట్టినది తక్కువ ఎత్తు గల రాతి కట్టడము.

కృత్రిమ మేధ కల్పించు బొమ్మలు వచ్చిన తరువాత ఈ పరీక్ష మరింత ముఖ్యమైనది. ఎన్నడు లేని వంతెనను, ఎన్నడు పూయని పువ్వును యంత్రము క్షణములో చిత్రింపగలదు. బొమ్మనే ఇచ్చి వెదకు సౌకర్యము గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటివానిలో కలదు. దానిచే ఆ బొమ్మ ఇంకను ఎచ్చటెచ్చట ఉన్నదో తెలియును. భాండాగారమేదియు దానిని ఎరుగనిచో ప్రాజెక్టులో చేర్చకుండుటయే మంచిది.

వాడుకొను హక్కు

1957 నాటి మన కాపీరైటు చట్టము నేడున్న రూపము ప్రకారము ప్రకటింపబడిన ఛాయాచిత్రమునకు తీసినవారి జీవితకాలమును, వారు మరణించిన మరుసటి సంవత్సరము మొదలు అరువది ఏండ్లును హక్కు ఉండును.  బోధనా సందర్భమున ఉపాధ్యాయుడు, విద్యార్థి ప్రతి తీసికొనుటకు ఆ చట్టమే అనుమతించును. అదే ప్రాజెక్టును అంతర్జాలములో అందరికిని ప్రకటించుట వేరు విషయము. వికీమీడియా కామన్స్ వంటి చోట్ల బొమ్మ క్రింద క్రియేటివ్ కామన్స్ అనుమతి వ్రాసి ఉండును. పేరు చెప్పి వాడుకొనుమనునవి కొన్ని. వ్యాపారమునకు వాడరాదనునవి ఇతర భాండాగారములలో కలవు. చదివి పాటింపవలెను.

భాండాగారములును శాశ్వతములని తలపరాదు. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీపై సైబరు దాడి జరుగగా దాని సేవలు పెక్కు నెలలు స్తంభించినవి. మరుసటి సంవత్సరము ఇంటర్నెట్ ఆర్కైవు కూడ దాడికి గురియై కొన్ని దినములు మూతపడినది. దొరికిన దానిని ఆనాడే దింపి, నోటుపుస్తకములో ఈ ఆరు సంగతులు వ్రాసికొనవలెను: చేసినవారు, చేసిన కాలము, స్థలము, ఉంచిన భాండాగారము, దాని సంఖ్య, వాడుక అనుమతి. చూచిన తేదిని చివర చేర్చవలెను.

ఇక సామర్లకోటకు మరల వత్తము. రాక్స్‌బర్గ్ పేరు ప్రపంచ వృక్షశాస్త్రములో నిలిచినది. ఆ మొక్కలను ఎదుట పెట్టుకొని, ఆకు ఈనెలను లెక్కించి బొమ్మలు వ్రాసిన మన చిత్రకారుల పేర్లను ఆ పుటలపై ఎవరును వ్రాయలేదు. రెండు శతాబ్దముల తరువాత ఆ లోపమును పూరించుట కష్టము. మన విద్యార్థి తమ ఊరి లాకును, కాలువగట్టు చెట్టును, కోరింగ పక్షి కూతను తానే చిత్రించి, రికార్డు చేసి, తన పేరు, తేది, స్థలము వ్రాసి భాండాగారమునకు ఇచ్చినచో, రేపటి విద్యార్థికి ఆ చిక్కు ఉండదు. ఉపాధ్యాయులు ఈ సంవత్సరపు ప్రదర్శనములో ప్రతి బొమ్మ క్రింద ఆరు సంగతులను వ్రాయవలెనను ఒక్క నియమమును పెట్టి చూతురుగాక.