తల్లి యుద్యోగము - బిడ్డ మనోవికాసము

తల్లి యుద్యోగమునకు పోయినచో బిడ్డ గతి యేమగునని పలువురు నన్నడుగుచుందురు. తండ్రి యుద్యోగమును గూర్చి యెవ్వరును అట్లడుగరు. మన పల్లెలలో తల్లులు నాట్లకును కలుపులకును తరతరములుగా పోవుచునే యున్నారు. అప్పుడు పెద్దగా వినబడని యీ ప్రశ్న, తల్లి కచేరి మెట్లెక్కిన పిమ్మట గట్టిగా వినవచ్చుచున్నది. అయినను దానికి సమాధానము చెప్పవలసినదే.

ఆత్మగౌరవమనగా అహంకారము కాదు. నాకును విలువ కలదు, నేనును చేయగలను అను నమ్మకము. సృజనశక్తి యనగా కవిత్వము చెప్పుట మాత్రమే కాదు. ఎదుటనున్న చిక్కునకు క్రొత్త దారి వెదకుట. మొదటిదానిని కొలుచుటకు 1965లో రోజెన్‌బర్గ్ అను అమెరికా పండితుడు 10 వాక్యముల కొలమానమును ప్రకటించెను. రెండవదానికి 1966లో టొరెన్స్ పరీక్షలు వెలువడెను. కాని కొలతలను చదువుటలో జాగ్రత్త వలయును. తల్లి పనికి పోవు నింట బిడ్డ దిగులుగా నున్నచో, ఆ దిగులునకు కారణము తల్లి పనియే యనరాదు. ఆమెను పనికి పంపిన లేమియే కావచ్చును.

2010లో అమెరికా పరిశోధకులు మువ్వురు, అంతకుముందు 50 ఏండ్లలో జరిగిన 69 పరిశోధనలను ఒక్కచోట జేర్చి పరిశీలించిరి. బిడ్డ పసితనమున తల్లి పనిచేయుటవలన తరువాతి చదువునకుగాని నడవడికిగాని సాధారణముగా హాని కలుగుట లేదని తేలెను. ఒంటరి తల్లుల యిండ్లలో మేలే కనబడెను.

ఒక్క కుటుంబముతో సిద్ధాంతము నిలువదు గాని, దారి కనబడును. 1906లో భర్త మరణించునప్పటికి మేరీ క్యూరీకి ఇద్దరు చిన్న కుమార్తెలు. ఆమె పరిశోధనము మానలేదు. 1910లో తాను మరణించువరకు తాతగారు ఆ బాలికలను కనిపెట్టి చూచెను. ఆమెయు తోటి ఆచార్యులును కలిసి, తమ పిల్లలకు వంతులవారిగా తామే పాఠములు చెప్పుకొనిరి. పెద్ద కుమార్తె ఐరీన్ 1935లో భర్తతో గూడ నోబెల్ బహుమానము పొందెను. చిన్న కుమార్తె ఈవ్ విజ్ఞానశాస్త్రము జోలికి పోక, సంగీతమును రచనను చేపట్టి, 1937లో తల్లి చరిత్రను ప్రకటించెను. ఇద్దరును తమ తమ దారులలో నడచిరి.

కావున మనమడుగవలసిన ప్రశ్నలు వేరు. తల్లి లేని వేళ బిడ్డను ప్రేమతో చూచువారున్నారా? ఆమె అలసి వచ్చునప్పటికి వంటయు అంట్లును ఆమెకొరకే కాచుకొని యున్నవా, లేక తండ్రియు చేయి కలుపుచున్నాడా? తన పనిని గూర్చి బిడ్డతో ఆమె సంతోషముగా చెప్పగలుగుచున్నదా? నేరము చేసినదానివలె తలవంచుకొని యిల్లు చేరు తల్లిని చూచిన బిడ్డ, పనియు నేరమనియే నేర్చుకొనును. ఆ తలను ఎత్తించు భారము ఇంటిల్లిపాదిది.