ట్యూబ్ ఆరిపోయింది, వోల్టేజ్ ఆరిపోలేదు: నిక్సీ గడియారం కట్టే ముందు ఇది వినండి

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో టెస్టర్ ఉంది కదా? అదేనండీ, స్విచ్ బోర్డులో పెట్టి కరెంట్ ఉందో లేదో చూసే స్క్రూడ్రైవర్. పాత రకం టెస్టర్ అయితే ఫేజ్ తగలగానే పిడిలో చిన్న ఆరెంజ్ వెలుగు వస్తుంది. ఆ వెలుగుని అంకెల ఆకారంలో ఊహించుకోండి. అదే నిక్సీ ట్యూబ్. ఇదిగో, నా టేబుల్ మీద వెలుగుతున్నవి ఇవే. నాలుగు గాజు ట్యూబులు, టైమ్ 9:42.

చాలామంది దీన్ని చూసి "లోపల తీగ వేడెక్కి ఎర్రగా కాలుతోందా బ్రో?" అని అడుగుతారు. కాదు. ఇందులో ఫిలమెంట్ లేదు. గాజు లోపల తక్కువ ఒత్తిడిలో నియాన్ గ్యాస్ ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు, సన్నటి లోహంతో చేసినవి, ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి అంకె ఒక క్యాథోడ్. వీటన్నిటికీ కలిపి ఒకటే యానోడ్, జల్లెడలాగా ఉంటుంది. యానోడ్‌కి సుమారు 170 వోల్ట్‌ల డీసీ ఇచ్చి, మనకి కావాల్సిన అంకెని గ్రౌండ్‌కి కలిపితే, ఆ అంకె చుట్టూ ఉన్న గ్యాస్ వెలుగుతుంది. అంటే వెలిగేది లోహం కాదు, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న గ్యాస్.

వీటిని 1955లో అమెరికాలో బరోస్ కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చింది. వోల్ట్ మీటర్లు, కాలిక్యులేటర్లు, ల్యాబ్ పరికరాలు, అన్నిట్లో ఇవే ఉండేవి. 1970ల్లో ఎల్ఈడీ డిస్‌ప్లేలు వచ్చాక వీటి పని అయిపోయింది. కానీ సోవియట్ యూనియన్‌లో 1980ల్లో కూడా తయారు చేశారు. ఇవాళ మన చేతికి వచ్చేవి ఎక్కువగా ఆ పాత స్టాకే. నావి ఐఎన్-12 రకం. ఇందులో 5 అంకెని దగ్గరగా చూడండి. తిరగేసిన 2 అది! వేరే అచ్చు చెయ్యకుండా అదే ముక్కని తలకిందులు చేసి పెట్టారు. చెక్ రిపబ్లిక్‌లో డాలిబోర్ ఫార్నీ అనే ఆయన కొత్తగా చేతితో తయారు చేస్తున్నారు గానీ, వాటి ధర మన పాకెట్ మనీకి అందదు.

సరే, సర్క్యూట్‌లోకి వెళ్దాం. నాలుగే భాగాలు.

మొదటిది, 12 వోల్ట్‌లని 170కి పెంచే బూస్ట్ కన్వర్టర్. నాలుగు ట్యూబులూ కలిపి తీసుకునేది 10 మిల్లీ ఆంపియర్లే, అంటే 1.7 వాట్లు. 12 వోల్ట్, 1 ఆంపియర్ అడాప్టర్ చాలు. కొందరు ఇంట్లో వచ్చే 230 వోల్ట్‌లనే డయోడ్లతో డీసీ చేసి వాడేస్తుంటారు. దయచేసి వద్దు. దాని పీక్ 325 వోల్ట్‌లు, పైగా మీకూ మెయిన్స్‌కీ మధ్య అడ్డం ఏదీ ఉండదు.

రెండోది డ్రైవర్. ఆర్డ్యునో పిన్ 5 వోల్ట్‌లది, ట్యూబ్‌ని నేరుగా తగిలిస్తే చచ్చిపోతుంది. అందుకే మధ్యలో కె155ఐడీ1 అనే సోవియట్ ఐసీ. 74141 ఐసీకి అది జంట. నాలుగు పిన్నుల మీద అంకె చెప్తే, పదింటిలో ఆ అంకె క్యాథోడ్‌ని గ్రౌండ్‌కి కలుపుతుంది. అది దొరక్కపోతే అంకెకొక ఎంపీఎస్ఏ42 ట్రాన్సిస్టర్ పెట్టండి, 300 వోల్ట్‌లు తట్టుకుంటుంది.

మూడోది ఆర్డ్యునో నానో. నాలుగోది టైమ్ గుర్తుపెట్టుకునే డీఎస్3231 మాడ్యూల్. మిగతా చిల్లర సామానంతా నేను కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా.

ఇప్పుడు అసలు విషయం. ఇందులో రెండు రెసిస్టర్లు ఉన్నాయి. ఒకటి మర్చిపోతే ట్యూబ్‌కి ప్రమాదం, ఇంకోటి మర్చిపోతే మీకు.

మొదటిది యానోడ్ రెసిస్టర్. గ్యాస్ ఒకసారి వెలిగిందంటే కరెంట్‌కి దారి తెరుచుకున్నట్టే. అడ్డం లేకపోతే కరెంట్ పెరుగుతూనే పోయి ట్యూబ్ పాడవుతుంది. లెక్క సింపుల్. సప్లై 170, వెలుగుతున్నప్పుడు ట్యూబ్ మీద ఉండేది సుమారు 140. మిగిలిన 30 వోల్ట్‌లు రెసిస్టర్ మొయ్యాలి. మనకి కావాల్సింది 2.5 మిల్లీ ఆంపియర్లు. 30ని 0.0025తో భాగిస్తే 12,000. అంటే 12 కిలో ఓమ్‌లు, ట్యూబ్‌కి ఒకటి చొప్పున. మీ టెస్టర్ పిడిలో కూడా ఇలాంటి రెసిస్టరే ఉంటుంది, ఇంకా చాలా పెద్దది. అది ఉండబట్టే వేలు పెట్టినా మనకి ఏమీ కాదు.

రెండో రెసిస్టర్ నేను పెట్టలేదు. అది చెప్పడానికే ఈ ఎపిసోడ్.

మొదటి గడియారం కట్టిన రాత్రి. సెకన్ల చుక్క వెలగట్లేదు. అడాప్టర్ పీకేశా. ట్యూబులు టక్కున ఆరిపోయాయి. ఆరిపోయాయి కదా అని వెంటనే బోర్డు చేతిలోకి తీసుకున్నా. బొటనవేలు కెపాసిటర్ కాళ్ల మీద పడింది. ఒక్క ఝటకా! చెయ్యి దానంతట అదే విదిలించుకుంది. బోర్డు వెళ్లి బీరువాకి కొట్టుకుంది, ఒక ట్యూబ్ పగిలింది. పక్క గదిలోంచి అమ్మ "ఏంట్రా ఆ చప్పుడు?" అంటే "ఏం లేదమ్మా, స్క్రూడ్రైవర్ పడింది" అన్నా. నొప్పి రెండు నిమిషాల్లో పోయింది. కానీ ఆ ట్యూబ్ నేను పుట్టక ముందు ఎవరో ఫ్యాక్టరీలో కూర్చుని చేసింది. ఇన్నేళ్లు డబ్బాలో భద్రంగా ఉండి, నా దగ్గర ఒక్క సాయంత్రం వెలిగింది.

ఎందుకిలా జరిగింది? ట్యూబ్ ఆరిపోయేది వోల్టేజ్ సున్నా అయినప్పుడు కాదు. వోల్టేజ్ ఇంకా వందకు పైన ఉండగానే గ్యాస్ వెలగడం మానేస్తుంది. ఆ తర్వాత ట్యూబ్ కరెంట్ లాగదు. అంటే కెపాసిటర్‌లో మిగిలింది అక్కడే కూర్చుంటుంది. చీకటిగా ఉందంటే ఖాళీగా ఉందని కాదు. నేను నమ్మింది వెలుగుని, నమ్మాల్సింది మీటర్‌ని.

దీనికి మందు కెపాసిటర్‌కి అడ్డంగా ఒక బ్లీడర్ రెసిస్టర్. నాది 10 మైక్రోఫారడ్, దానికి 220 కిలో ఓమ్, అర వాట్ పెట్టా. ఇప్పుడు అడాప్టర్ పీకాక 10 సెకన్లలో వోల్టేజ్ 2 దగ్గరికి వచ్చేస్తుంది. ఖర్చు రెండు రూపాయలు కూడా కాదు.

అయినా సరే నా పద్ధతి ఇది. అడాప్టర్ పీకు. ఇరవై లెక్కపెట్టు. మీటర్‌ని డీసీలో 200 లేదా ఇంకా పై రేంజ్‌లో పెట్టి కెపాసిటర్ మీద చూడు. సింగిల్ డిజిట్ కనబడ్డాకే చెయ్యి పెట్టు. సప్లై ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకో, రెండు చేతుల మధ్య గుండె ఉంది. మొదటిసారి అయితే ఇంట్లో ఒకరిని పక్కన ఉంచుకోండి.

ట్యూబ్ పగిలితే చీపురు పట్టకండి. ఎక్కువ కాలం పనిచెయ్యాలని చాలా ట్యూబుల్లో కొద్దిగా పాదరసం కలుపుతారు. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని ముక్కలు ఏరి, మిగతా పొడిని టేప్‌తో అద్ది, మూత ఉన్న డబ్బాలో వెయ్యండి.

చివరగా ఒక టిప్. గంటల్లో మొదటి ట్యూబ్‌లో 0, 1, 2 మాత్రమే వెలుగుతాయి. మిగతావి ఖాళీగా ఉంటే, వెలిగే అంకెల నుంచి ఎగిరిన లోహం వాటి మీద పేరుకుంటుంది. కొన్నాళ్లకి అవి మచ్చలు మచ్చలుగా వెలుగుతాయి. అందుకే రోజూ తెల్లవారుజామున కొన్ని నిమిషాలు అన్ని అంకెలూ వరసగా తిరిగేలా కోడ్ రాశా.

పగిలిన ట్యూబ్ కాళ్లు ఇప్పటికీ నా టూల్ బాక్స్ మూతకి అతికించి ఉన్నాయి. బాక్స్ తెరిచిన ప్రతిసారీ ముందు మీటర్ బయటికి తీస్తా. మీరు కూడా అంతే. మళ్లీ ఎపిసోడ్‌లో ఆ సెకన్ల చుక్క సంగతి చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.