రెండు పార్శ్వముల యంత్రము

చెన్నపట్టణపు ఉత్తరభాగమున, తూర్పున సముద్రమును పడమట బకింగుహాము కాలువయు దాపుగా గల తొండియార్‌పేటలో, తిరువొత్తియూరు పెద్దరోడ్డునుండి చీలిపోవు వీథులలో ననేకము పెద్ద లారీ తిరుగ వీలులేనంత యిరుకైనవి; అట్టిచోట కాలువలనుండి తీసిన పూడికనో, పాతయిల్లు పడగొట్టిన రాళ్ళనో ఎత్తివేయవలసి వచ్చినపుడు, నాలుగు చిన్న చక్రములపై నిలిచి, ముందొక బకెట్టును ధరించి, ఉన్నచోటనే గిరగిర తిరుగగల పొట్టి యంత్ర మొకటి అక్కరకు వచ్చును. స్కిడ్ స్టీర్ లోడరని దాని జాతినామము. పనివారి నోట మాత్రము, ఏ కంపెనీదైనను, అది బాబ్‌క్యాటే.

దీని పుట్టుక నగరమున జరుగలేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున రోత్సే యను చిన్న యూరిలో ఇనుపపని దుకాణము నడుపుచుండిన సిరిల్ కెల్లర్, లూయీ కెల్లర్ అను సోదరులను 1956లో ఒక టర్కీకోళ్ళ రైతు ఆశ్రయించి, తన కొట్టములోని పెంట నెత్తుటకు, పై అంతస్తు మోయగలంత తేలికగను స్తంభముల నడుమ తిరుగగలంత చిన్నదిగను ఒక యంత్రమును కోరెను. 1957 ఫిబ్రవరి 4న వారు అప్పగించిన యంత్రమునకు ముందు రెండు చక్రములు, వెనుక నొకటి. మరుసటి యేడే మెల్రో కంపెనీ దాని హక్కులను గ్రహించెను. 1960లో నాలుగవ చక్రము చేరెను. బాబ్‌క్యాట్ అను పేరు 1962లో వచ్చెను. ఎడమ చక్రములను కుడి చక్రములను వేరువేరు వేగములతో నడిపి, నేలపై జారనిచ్చుచునే మలుపు సాధించుట ఆ సోదరుల ప్రతిభ. 2023లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరమున వారికి స్థానము లభించినది.

తొలిదినములలో ఈ విభజనను క్లచ్చులు నిర్వహించెను. తరువాత ఆ భారము నూనెకు సంక్రమించెను. నేటి యంత్రమున డీజిలు ఇంజను రెండు పిస్టను పంపులను త్రిప్పును. డ్రైవరు చేతిలోని లీవరు ఎంత వంగునో, పంపులోపలి వాలుపలక అంత వంగి, పిస్టనుల కదలిక అంత దీర్ఘమై, అంత నూనె హోసుల గుండ ఆ పక్క మోటారునకు పారును. ఆ మోటారు, అనేక నమూనాలలో, నూనెలో మునిగియున్న గొలుసులచేత ఆ పక్క ముందువెనుక చక్రములను రెంటిని నడుపును. మోటారు విడిచిన నూనె టాంకునకు పోక తిరిగి పంపునకే చేరును గనుక, సందులలో జారిపోవు కొలదిపాటి నూనెను పూరించుటకు చార్జ్ పంపు అను చిన్నపంపు వేరుగా కలదు. దాని ఒత్తిడి స్వల్పమే; కాని పెద్దపంపుల ఆయువంతయు దానిపై నాధారపడియున్నది.

ఇట్టి యంత్రము ఒకనాడు అలవాటులేని కూత కూయుట మొదలిడినచో, పంపు పోయినదని తక్షణమే తీర్మానించి అత్యంత ఖరీదైన భాగమును విప్పబూనుట సర్వత్ర కానవచ్చు ప్రమాదము. పంపు బాధితమే కావచ్చును. అపరాధి మాత్రము మురికిపట్టిన ఫిల్టరో, సడలిన క్లిప్పో కావచ్చును. నూనె చాలినంత అందనిచోట ఒత్తిడి పడిపోయి ఆవిరిబుడగలు పుట్టును. అవి అధికపీడనములోనికి చేరినంతనే కుప్పకూలి, గులకరాళ్ళు దొర్లినట్టి చప్పుడు చేయుచు లోహమును గుంటలు పడ కొరికివేయును. ఈ చిన్న బుడగలు ఒకకాలమున నౌకానిర్మాతలనే కలవరపెట్టినవి. టర్బీనియా యను తన నౌక ఆశించిన వేగము నందుకొనలేకపోగా, చార్లెస్ పార్సన్స్ 1895లో చిన్న నీటితొట్టి కట్టి, అందు ప్రొపెల్లరు త్రిప్పి, బుడగలను కన్నులార చూచెను. కూలు బుడగ చెంత ఎంతటి పీడనము పుట్టునో 1917లో రేలీ ప్రభువు గణించి చూపెను. ఆ గణితమే నేడు ఇరుకువీథిలోని లోడరు పంపులోను వర్తించుచున్నది.

ఆవిరి వేరు, గాలి వేరు. చూషణ హోసులో చీలిక యున్నచో నూనె బయటికి కారకయే గాలి లోనికి చొరబడును. అప్పుడు టాంకులోని నూనె తెల్లబారి నురుగెత్తును. కావున ఏ పానా పట్టకముందు నూనె మట్టమును, రంగును, వాసనను పరీక్షింపవలయును. కూత ఎప్పుడు వచ్చునో గమనించుటయు ముఖ్యము. మిన్నెసోటా చలిలో చిక్కబడిన నూనె ఉదయమున పంపును పస్తుంచును. చెన్నపట్టణపు కర్తరి ఎండలలో అందుకు విపరీతముగా, మధ్యాహ్నమునకు నూనె పలుచనై, అరిగిన సందులలో జారిపోవుట హెచ్చి, చార్జ్ పంపు పూరించలేని స్థితి ఏర్పడును. లీవర్లు కదపకున్నను ఇంజను వేగముతో చప్పుడు పెరిగినచో ఇంజనును పంపును కలుపు కప్లింగును, పంపు బేరింగులను శంకింపవలయును. చక్రముల వేగముతో పెరిగినచో గొలుసులను, చక్రపు బేరింగులను. మట్టిగుట్టను త్రోయుచు చక్రములు ఆగినపుడు మాత్రమే కీచుమన్నచో అది రిలీఫ్ వాల్వు తెరచుకొను ధ్వని కావచ్చును.

కెల్లర్ సోదరులు మలుపుకొరకు చేసిన విభజన రోగనిర్ణయమునకును వరమైనది. ఈ యంత్రమున ఆరోగ్యవంతమైన అర్ధభాగము వ్యాధిగ్రస్తమైన అర్ధభాగము ప్రక్కనే యుండును. చక్రములు నేలనంటకుండ యంత్రమును గట్టి ఆధారములపై నిలిపి, పక్కకొకసారిగా నడిపి వినవలయును. రెండు పక్కలను ఒకే చప్పుడు వినవచ్చినచో దోషము ఉమ్మడి సొత్తైన నూనెలోనో, ఫిల్టరులోనో, చార్జ్ పంపులోనో వెదకదగును. గేజీ బిగించి చార్జ్ ఒత్తిడిని చూచినచో సందేహము తీరును. ఒక పక్కనే యైనచో, ఇంజను నాపి, ఒత్తిడి వదలించి, పంపులనుండి మోటార్లకు పోవు హోసులను ఎడమకుడులుగా మార్చి చూడవచ్చును: చప్పుడు రెండవపక్కకు మరలినచో దోషము పంపుది, అచటనే నిలిచినచో మోటారుదో దాని వెనుక గొలుసుదో.

నడుచుచున్న యంత్రముపై హోసు చిల్లిని చేతితో తడిమి వెదకుట యెంతమాత్రము కూడదు. చదరపు అంగుళమునకు వేలకొలది పౌనులతో వెలువడు సన్నని నూనెధార చేతితొడుగును, చర్మమును చీల్చి మాంసములోనికి చొచ్చుకొనును; గాయము సూదిపోటంతయే కనబడును, నొప్పియు తొలుత స్వల్పమే, కాని గంటలలో వ్రేలిని, కొన్నివేళల చేతినే పోగొట్టుకొనవలసి వచ్చును. అట్టి గాయమైనవానిని తక్షణమే శస్త్రచికిత్సకు కొనిపోవలయును. చిల్లిని వెదకుటకు అట్టముక్క చాలును.

ఇన్ని పరీక్షల పిమ్మట, ఫిల్టరును కోసి చూడగా ఇత్తడిరంగు తునకలు మెరసినచో, అప్పుడు పంపు నిజముగనే అరిగినదని ఒప్పుకొనవలయును. అయినను క్రొత్తపంపు బిగించుటతో పని ముగియదు. పాతపంపు రాల్చిన లోహపు పొడి హోసులలోను, కూలరులోను, మోటారులోను దాగియుండును గనుక, వలయమునంతయు కడిగి, క్రొత్త నూనె పోసి, ఫిల్టరు మార్చి, కొలదిగంటలు నడిపిన పిదప ఆ ఫిల్టరును మరల విప్పి చూడవలయును.