హెచ్ఐవీ భయం పట్టుకుందా? ఏది ముప్పు, ఏది కాదు, టెస్ట్ ఎప్పుడు?

పెళ్లి కుదిరిన అబ్బాయి ఉన్నట్టుండి నికాహ్ వాయిదా వేయమంటాడు. గల్ఫ్ వీసా వచ్చినవాడు మెడికల్‌కు వెళ్లకుండా రోజుకో సాకు చెబుతాడు. అన్నం తినడు, రాత్రంతా ఫోన్ చూస్తూ ఉంటాడు. అమ్మీ నజర్ తగిలిందని దమ్ చేయిస్తుంది. అసలు కారణం వేరే ఉండొచ్చు. ఎప్పుడో ఒకసారి తప్పటడుగు పడి, ‘నాకు హెచ్ఐవీ వచ్చిందేమో’ అన్న భయం లోపల తినేస్తూ ఉండొచ్చు. ఎవరితోనూ చెప్పుకోలేని విషయం కాబట్టి ఆ భయం ఇంకా పెరుగుతుంది. అందుకే సిగ్గు కాసేపు పక్కన పెట్టి వివరంగా మాట్లాడుకుందాం.

ఎలా సోకుతుంది?

రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాలు. హెచ్ఐవీ ఒకరి నుంచి ఒకరికి వెళ్లేది వీటి ద్వారానే. ఉమ్మి, చెమట, కన్నీళ్ల వల్ల సోకదు. కౌగిలింత, ముద్దు, బట్టలపై నుంచి తాకడం, చేత్తో తాకడం వీటితో భయం లేదు. ముద్దు విషయంలో ఇద్దరి నోట్లోనూ రక్తం కారే పుండ్లు ఉంటే తప్ప ప్రమాదం ఉండదు. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే టాయిలెట్ వాడినా, దోమ కుట్టినా రాదు.

నోటి ద్వారా జరిగే సంపర్కంలో హెచ్ఐవీ ముప్పు చాలా చాలా తక్కువ. అయితే సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులు అలా కూడా రావచ్చు. కండోమ్ సరిగ్గా వాడి, అది చిరగకుండా ఉంటే ముప్పు బాగా తగ్గిపోతుంది.

కండోమ్ లేకుండా కలిస్తే? అవతలి మనిషికి హెచ్ఐవీ ఉండి, మందులు వాడకపోతే, యోని సంభోగంలో ఒక్కసారికి మగవాడికి సోకే అవకాశం 10,000లో సుమారు 4, స్త్రీకి సుమారు 8 అని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. మలద్వారం ద్వారా అయితే స్వీకరించేవారికి అది సుమారు 138కి పెరుగుతుంది. అంటే ఒక్కసారితోనే తప్పకుండా వస్తుందని కాదు, ఒక్కసారితో రాదని కూడా కాదు. తేల్చేది టెస్ట్ మాత్రమే.

టెస్ట్ ఎప్పుడు?

నిజంగా ముప్పున్న సంపర్కం జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే, వెంటనే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లి డాక్టర్‌తో మాట్లాడాలి. అవసరమనుకుంటే 28 రోజులు వాడే నివారణ మందులు ఇస్తారు. ఆలస్యమైన కొద్దీ వాటి పనితనం తగ్గుతుంది. 72 గంటలు దాటితే ఇవ్వరు.

వైరస్ సోకినా టెస్ట్‌లో కనబడడానికి కొంత సమయం పడుతుంది. మర్నాడే చేయించుకుంటే ఆ రిపోర్టుకు అర్థం లేదు. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. మామూలు ర్యాపిడ్ టెస్ట్‌కు 23 నుంచి 90 రోజులు పడుతుంది. మధ్యలో కొత్తగా ఏ ముప్పూ లేకుండా, 90 రోజుల తర్వాత నెగెటివ్ వస్తే నెగెటివే. ఆ గడువు పూర్తయ్యాకే నికాహ్ పెట్టుకోవడం మంచిది. అవతలి అమ్మాయి ఆరోగ్యం కూడా అమానతే కదా.

జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు చూసి ఎవరికి వారు నిర్ణయించుకోకండి. మామూలు వైరల్ జ్వరానికీ అవే లక్షణాలు. ఇక నోరు ఎండిపోవడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం లాంటివి ఒట్టి ఆందోళన వల్ల కూడా వస్తాయి.

రిపోర్టు నెగెటివ్, అయినా భయం పోవట్లేదు

కొందరు ఐదారు ల్యాబుల్లో చేయించుకుంటారు. ఒక్కో రిపోర్టు రెండు రోజులు ధైర్యం ఇస్తుంది, తర్వాత మళ్లీ అనుమానం. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ఒకటి వైరస్, రెండోది గునాహ్ చేశామన్న బాధ. వైరస్ సంగతి టెస్ట్ చెప్పేసింది. మనసులో బాధ ఏ ల్యాబ్ రిపోర్టుతోనూ పోదు. దానికి దారి తౌబా. అది బందాకూ అల్లాహ్‌కూ మధ్య విషయం. జబ్బు రావడమే శిక్ష అని, రాకపోతే ఇంకా మాఫీ కాలేదని మనమే తీర్పు రాసుకోకూడదు. తౌబా చేసినా, టెస్ట్ నెగెటివ్ వచ్చినా ఆలోచనలు ఆగకపోతే అది మానసిక ఆందోళన, దానికి కూడా వైద్యం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

గుట్టు బయటపడుతుందా?

జిల్లా, ఏరియా, బోధనాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో టెస్ట్, కౌన్సెలింగ్ ఉచితం. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. ఉద్యోగంలో, చదువులో, ఆసుపత్రిలో వివక్ష చూపడం కూడా చట్టవిరుద్ధమే. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి ముందుగా సందేహాలు అడగొచ్చు.

ఒకవేళ పాజిటివ్ వస్తే? ఒక్క కిట్ చూసి తేల్చరు, వేర్వేరు కిట్లతో మళ్లీ పరీక్షించి నిర్ధారిస్తారు. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోజూ వాడుతూ రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గి అలాగే ఉంటే, సంభోగం ద్వారా జీవిత భాగస్వామికి సోకదు. పెళ్లి, పిల్లలు, నిండు జీవితం అన్నీ సాధ్యమే.

ఇంట్లో పెద్దలకు ఒక్క మాట. పిల్లాడు ధైర్యం చేసి నోరు విప్పితే, ముందు ఆసుపత్రికి తోడు వెళ్లండి. తిట్టాలనుకుంటే దానికి తర్వాత చాలా టైమ్ ఉంది. 72 గంటలు మాత్రం ఆగవు.